కంచెలు పడని ఊరు: లాక్స్టన్ పొలాలు, వాటి కోర్టు

ఇంగ్లండ్ పల్లెటూరి ఫొటో ఏది చూసినా ముందుగా కంటబడేవి కంచెలు. పచ్చటి నేలంతా గళ్లుగళ్లుగా కోసినట్టు ముళ్లపొదల వరసలు, ఆ గళ్ల మధ్య ఎక్కడో ఒంటరిగా ఒక రైతు ఇల్లు. ఆ దేశపు పల్లె అనాదిగా ఇలాగే ఉండేదని చాలామంది అనుకుంటారు. కానీ ఇంగ్లండ్ నడిమి జిల్లాల్లో ఈ కంచెల్లో చాలావాటి వయసు రెండున్నర వందల ఏళ్లకు అటూ ఇటూ మాత్రమే. అంతకు ముందు అక్కడ ఊరి చుట్టూ రెండో మూడో పెద్ద పొలాలు ఉండేవి. ఒక్కోటి వందల ఎకరాలు. వాటి మధ్య కంచె అన్న మాటే లేదు. ఒక్కో పొలంలో వందల కొద్దీ సన్నటి, పొడుగాటి నేల చెక్కలు. ఒక్కో రైతుకు అన్ని పొలాల్లోనూ, పది ఇరవై చోట్ల చెదురుగా భూమి. ఏ పొలంలో ఏ ఏడాది ఏం వేయాలో ఊరంతా కలిసే తేల్చుకునేది.

ఆ పద్ధతి తన సొంత కోర్టుతో సహా ఇప్పటికీ నడుస్తున్న ఊరు ఇంగ్లండ్‌లో ఒక్కటే మిగిలింది. నాటింగ్‌హామ్‌షైర్‌లోని లాక్స్టన్. డెవన్‌లో బ్రాంటన్ దగ్గర, లింకన్‌షైర్‌లో ఆక్సహోమ్ ప్రాంతంలో కంచెల్లేని పొలాల ఆనవాళ్లు ఉన్నాయి. అయితే పొలాన్ని నడిపే ఊరి సభ, దాని తనిఖీ, దాని జరిమానా, ఇవన్నీ కలిసి బతికి ఉన్నది లాక్స్టన్‌లోనే.

ఈ ఊరి గురించి రాసేవాళ్లు తరచూ దీన్ని కాలం ఆగిపోయిన చోటుగా వర్ణిస్తారు. ఆ వర్ణన ఇక్కడి రైతులకు అన్యాయం చేస్తుంది. కాలం ఎక్కడా ఆగదు. ఇక్కడ ప్రతి ఏటా కొందరు మనుషులు పనిగట్టుకుని పొలంలోకి నడిచి, గెట్లు చూసి, తప్పు చేసినవాడికి జరిమానా వేసి, మళ్లీ ఏడాదికి మనుషుల్ని ఎన్నుకుంటున్నారు. ఆ పని ఒక్క పదేళ్లు ఆగినా లాక్స్టన్ పక్క ఊళ్లలాగే అయిపోయేది. అందుకే ఈ ఊరి చరిత్రలో కోటకన్నా, చర్చికన్నా, ఆ కోర్టే అసలు కట్టడం.

మట్టిదిబ్బ, చెక్కబొమ్మ

కట్టడాల సంగతి ముందు చూద్దాం. లాక్స్టన్ నాటింగ్‌హామ్ నగరానికి ఈశాన్యంగా, న్యూఆర్క్ పట్టణానికి ఉత్తరాన, బరువైన బంకమట్టి నేలల మధ్య ఉన్న చిన్న ఊరు. జనం కొన్ని వందలమందే. నార్మన్ రాజు విలియం 1086లో చేయించిన డూమ్స్‌డే భూముల లెక్కలో ఈ ఊరి పేరు ఉంది. అంతకు ముందు టోకి అనే దొర చేతిలో ఉన్న ఊరు, నార్మన్లు వచ్చాక జెఫ్రీ ఆల్సెలిన్ చేతికి మారినట్టు అందులో రాశారు. ఊరి పాత పేరు లెక్సింగ్టన్‌కు దగ్గరగా ఉండేది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉన్న లెక్సింగ్టన్‌కు ఇక్కడి పేరే పెట్టారని ఒక వాదన కూడా ఉంది.

ఊరికి ఉత్తరాన నార్మన్ల కాలపు కోట ఉంది. కోట అనగానే రాతి బురుజులు ఊహించుకుంటే నిరాశే. మిగిలింది మట్టిదిబ్బ, దాని చుట్టూ కందకాలు, గడ్డి మొలిచిన కట్టలు. కానీ ఈ తరహా మట్టికోటల్లో ఆకారం ఇంత బాగా నిలిచినవి తక్కువ. ఒకప్పుడు ఇది చిన్న చోటేమీ కాదు. ద కో, ఎవెరింగ్‌హామ్ వంశాలవారు షెర్వుడ్ రాజారణ్యానికి వంశపారంపర్య కాపలా అధికారులుగా ఇక్కడినుంచే పెత్తనం చేశారు. రాబిన్ హుడ్ కథల్లో వినబడే అడవి అదే. ఇప్పుడు ఆ దిబ్బ మీద గొర్రెలు మేస్తుంటాయి. దిబ్బ ఎక్కి చూస్తే చుట్టుపక్కల నేల తీరు బాగా తెలుస్తుంది.

ఊరి మధ్య సెయింట్ మైకేల్ చర్చి. 1860 ప్రాంతంలో ఊరి భూస్వామి మాన్వర్స్ ఎర్ల్ (ఎర్ల్ అంటే ఒక ప్రభు బిరుదు) దీన్ని బాగుచేయించారు. బాగుచేయించడమంటే కొంత కుదించడం కూడా. నడిమి హాలు పొడవు తగ్గించి, గోపురాన్ని విప్పి మళ్లీ కట్టించారు. లోపల ఎవెరింగ్‌హామ్ కుటుంబీకుల పడుకున్న శిల్పాలు ఉన్నాయి. వాటిలో ఒక స్త్రీ శిల్పం రాతిది కాదు, ఓక్ చెక్కది. 14వ శతాబ్దానిది. ఆ జిల్లా మొత్తంలో మధ్యయుగపు చెక్క శిల్పం ఇదొక్కటే. ఆరు వందల ఏళ్ల పైచిలుకు చెమ్మనూ పురుగునూ తట్టుకుని ఒక కొయ్య మిగలడం చిన్న విషయం కాదు.

ఊరి పొలిమేర దగ్గర ఇంకో సంస్థ ఉంది, మధ్యయుగంతో ఏ సంబంధమూ లేనిది. హిట్లర్ కాలంలో జరిగిన యూదుల మారణకాండ గురించి చెప్పే నేషనల్ హోలోకాస్ట్ సెంటర్‌ను 1995లో ఇద్దరు అన్నదమ్ములు తమ కుటుంబంతో కలిసి ఇక్కడొక పాత రైతు ఇంట్లో ప్రారంభించారు. బ్రిటన్‌లో ఈ విషయానికే అంకితమైన మొదటి కేంద్రం ఒక మారుమూల పల్లెలో మొదలవడం విశేషం. బడిపిల్లలు బస్సుల్లో వచ్చి చూసి వెళుతుంటారు.

ఊరి ఇళ్లే ఒక పటం

కోటా చర్చీ ఇంగ్లండ్‌లో ఏ ఊరికైనా ఉండొచ్చు. లాక్స్టన్ ప్రత్యేకత తెలియాలంటే రోడ్డు మీద నిలబడి రైతుల ఇళ్లు ఎక్కడున్నాయో చూడాలి. అవన్నీ వీధి వెంట ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. కొన్ని వీధికి పక్కవాటు చూపిస్తూ ఉంటాయి, వెనక కొట్టాలు, ఆ వెనక సన్నటి పొడుగాటి దొడ్లు. మన ఊళ్లు చూసిన కళ్లకు ఇందులో వింతేమీ కనబడదు. ఇల్లు ఊళ్లో, పొలం ఊరి బయట, అంతే కదా. ఇంగ్లండ్‌లో మాత్రం ఇది అరుదైపోయింది. కంచెలు వేసి ప్రతి రైతు భూమినీ ఒకేచోట గుదిగుచ్చాక, రైతులు ఊరొదిలి తమ తమ కమతాల నడుమ ఇళ్లు కట్టుకున్నారు. లాక్స్టన్‌లో భూమి ఒకచోటికి చేరలేదు కాబట్టి ఇల్లు కదలలేదు. భూమి నాలుగు దిక్కులా ఉన్నవాడికి అన్నిటికీ సమదూరంలో ఉండే చోటు ఊరి నడిబొడ్డే.

అసలు భూమిని ఇలా ముక్కలుగా ఎందుకు పంచుకున్నారన్నది చరిత్రకారులు చాలా కాలంగా వాదించుకునే ప్రశ్న. ఈ ఊరిని లోతుగా పరిశీలించి 1930ల్లో రాసిన ఆర్విన్ దంపతుల జవాబు రైతుకు వెంటనే నచ్చుతుంది. బంకమట్టిని దున్నాలంటే బరువైన నాగలి కావాలి, దానికి ఆరో ఎనిమిదో ఎడ్లు కావాలి. అన్ని ఎడ్లు ఒక్క ఇంట్లో ఉండవు. నలుగురు కలిసి ఏరు కట్టాలి. ఒక పొద్దులో ఆ ఏరు దున్నగలిగినంత నేల ఒకరికి, మర్నాటిది ఇంకొకరికి. అలా పని లెక్కనే నేల లెక్క వచ్చిందని వాళ్ల వాదన. అన్ని ఎడ్లను మాటిమాటికీ తిప్పడం కష్టం కాబట్టి చాళ్లు వీలైనంత పొడవుగా పోయాయి. పుస్తకాల్లో చెప్పే కొలత ప్రకారం 220 గజాల పొడవు, 22 గజాల వెడల్పు ఉంటే ఒక ఎకరం. నేల వాటాన్ని బట్టి ఈ కొలత ఎక్కడికక్కడ మారేది. మలుపు కోసం ఎడ్లను ముందే ఒక వైపుకు మళ్లించడం వల్ల చాలాచోట్ల చెక్కలు తిన్నగా కాకుండా కొంచెం వంపు తిరిగి ఉంటాయి. ఎప్పుడూ మట్టిని లోపలికే విసిరేలా దున్నడంతో చెక్క నడుమ బోదెలా లేచి, అంచులు పల్లమయ్యాయి. ఆ పల్లాలే వాననీటికి కాలువలు. బంకనేలలో ఈ ఏర్పాటు లేకపోతే గోధుమ వేళ్లు కుళ్లిపోతాయి.

దీనికి ఇంకో లాభం కూడా ఉంది. మెరక, పల్లం, ఇసుకపాలు, బంకపాలు అన్నీ అందరికీ కొద్దికొద్దిగా వచ్చాయి. వాన ఎక్కువైన ఏడాది పల్లం పోతే మెరక నిలుస్తుంది. ఒకడు పూర్తిగా మునిగి పక్కవాడు పూర్తిగా తేలే పరిస్థితి తక్కువ. బీమా కంపెనీలు లేని కాలంలో ఇది చిన్న భద్రత కాదు.

మూడు పొలాల పేర్లు మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, వెస్ట్ ఫీల్డ్. మొదటిదానికి గాలిమర వల్ల ఆ పేరు వచ్చింది. పంట మార్పిడి మూడేళ్ల చక్రం. ఒక పొలంలో శరదృతువులో చల్లే గోధుమ. రెండోదాంట్లో వసంతంలో వేసే బార్లీ, బఠానీ, చిక్కుడు లాంటివి. మూడోది బీడు. మరుసటి ఏడాదికి ఒక్కో పొలం ఒక్కో మెట్టు జరుగుతుంది. పాతరోజుల్లో కోత అయ్యాక మోళ్ల మీద ఊరి పశువులన్నీ మేసేవి, బీడు మీద గొర్రెల ఎరువు పడేది. ఇప్పుడు ఆ ఉమ్మడి మేపు లేదు. బీడు ఏడాదిలో గడ్డి, పశువుల మేత లాంటివి వేసుకుంటున్నారు. చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది. గోధుమ వంతు వచ్చిన పొలంలో గోధుమే, అందులో ఎవరి ఇష్టమూ లేదు.

1635 నాటి పటం, దాన్ని గీయించిన వ్యాపారి

ఈ ఊరి గురించి ఇంత వివరంగా మాట్లాడుకోగలగడానికి కారణం 1635లో మార్క్ పియర్స్ అనే సర్వేయరు గీసిన పటం. అది ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. పటంతో పాటు ఒక చిట్టా కూడా ఉంది. మన అడంగల్ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు దాని తీరు వెంటనే అర్థమవుతుంది. ప్రతి చెక్కా ఎవరిది, ఎంత, దాని గెట్లు ఏవి అన్నది వరసగా రాసుకుపోయారు. వేలాది చెక్కలు. పటం మీద ఖాళీ చోట్లలో దున్నేవాళ్లు, కోతకోసేవాళ్లు, గొర్రెల కాపరులు, వేటగాళ్లు చిన్నచిన్న బొమ్మలుగా కనిపిస్తారు. భూమి లెక్కలో మనిషి కూడా ఉండాలని ఆ సర్వేయరుకు అనిపించడం బాగుంది.

ఆ పటం గీయించిన సర్ విలియం కోర్టెన్ మాత్రం రైతు కాదు. లండన్‌లో పెద్ద వ్యాపారి. రాజులకే అప్పులిచ్చినవాడు. కరీబియన్‌లోని బార్బడోస్‌లో ఇంగ్లీషువాళ్ల వలస మొదలైంది ఆయన పెట్టుబడితోనే. ఈయన పేరు భారతదేశ చరిత్రలోనూ ఉంది. లాక్స్టన్ పటం తయారైన 1635లోనే మొదటి చార్లెస్ రాజు, ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యాన్ని పక్కనపెట్టి, కోర్టెన్ బృందానికి తూర్పు దేశాలతో వ్యాపారం చేసుకునే అనుమతి ఇచ్చాడు. 1611 నుంచే మచిలీపట్నంలో కోఠీ పెట్టుకుని బట్టల వ్యాపారం చేస్తున్న కంపెనీకి ఇది పెద్ద దెబ్బ. కోర్టెన్ ఓడలు 1636 ఏప్రిల్‌లో జాన్ వెడెల్ నాయకత్వంలో బయల్దేరి గోవాకు, తర్వాత కన్నడ తీరంలోని భట్కల్ వైపు వచ్చాయి. అవి సముద్రంలో ఉండగానే, 1636 మే నెలలో కోర్టెన్ చనిపోయాడు. వ్యాపారం కొడుకు చేతిలో అప్పుల్లో కూరుకుపోయింది. లాక్స్టన్ 1640 ప్రాంతంలో పియర్‌పాంట్ కుటుంబానికి మారింది. తర్వాతి కాలంలో మాన్వర్స్ ఎర్ల్స్ అయింది ఈ వంశమే.

కోర్టెన్ ఈ పటాన్ని ఎందుకు గీయించి ఉంటాడో ఊహించడం కష్టం కాదు. కొత్తగా డబ్బు పెట్టినవాడికి తన ఆస్తి ఎంతో, దానిమీద ఎంత రాబడి పిండుకోవచ్చో తెలియాలి. ఊరి రైతుల బాగు కోసం గీసిన పటం అది కాదు. కానీ మూడు వందల ఏళ్ల తర్వాత ఆ పటమే ఊరిని కాపాడటానికి సాక్ష్యంగా పనికొచ్చింది.

మిగతా ఊళ్లు ఏమైపోయాయి

1604 నుంచి 1914 దాకా ఇంగ్లండ్‌లో పొలాలకు, ఉమ్మడి నేలలకు కంచెలు వేసేందుకు పార్లమెంటు దాదాపు 5,200 చట్టాలు చేసింది. సుమారు 68 లక్షల ఎకరాలు, అంటే దేశపు నేలలో ఐదో వంతు పైగా, వీటి కిందకి వచ్చింది. వీటిలో అత్యధికం 1750 తర్వాత వందేళ్లలోనే జరిగాయి. పద్ధతి ఇలా ఉండేది. ఊళ్లో ఎక్కువ భూమి ఉన్నవాళ్లు పార్లమెంటుకు అర్జీ పెడతారు. చట్టం అవుతుంది. కమిషనర్లు వచ్చి కొలుస్తారు. చెదురుగా ఉన్న చెక్కల బదులు ఒక్కొక్కరికి ఒకేచోట కమతం ఇస్తారు. కంచె ఖర్చు ఎవరిది వాళ్లదే. లెక్క భూమి విస్తీర్ణాన్ని బట్టే గానీ మనుషుల సంఖ్యను బట్టి కాదు కాబట్టి చిన్నవాళ్ల అభ్యంతరం పెద్దగా నిలిచేది కాదు.

దిగుబడి పెరిగిందని సమర్థించేవాళ్ల వాదనలో నిజం ఉంది. ఒకేచోట భూమి ఉంటే కాలువ తవ్వుకోవచ్చు, కొత్త పంట ప్రయత్నించవచ్చు, పక్కవాడి గొర్రెకు వచ్చిన రోగం మన గొర్రెకు అంటకుండా చూసుకోవచ్చు. కానీ ఉమ్మడి మేపు మీద ఒక ఆవునో నాలుగు బాతులనో పెంచుకుని బతికిన గుడిసెవాసులకు కంచెతో పాటే ఆ బతుకు పోయింది. కాగితం మీద హక్కు చూపలేనివాళ్లకు ఏమీ రాలేదు. చూపగలిగినవాళ్లలో చాలామంది తమకొచ్చిన చిన్న ముక్కకు కంచె వేసే స్తోమత లేక అమ్ముకున్నారు. ఒక దేశపు పేదలు కూలీలుగా మారిన తీరు చెప్పేటప్పుడు ఈ అధ్యాయాన్ని వ్యవసాయ అభివృద్ధి అనే ఒక్క మాటతో దాటవేయడం అన్యాయం.

లాక్స్టన్ ఎందుకు తప్పించుకుంది? దొరల మంచితనం వల్ల కాదు. 18, 19 శతాబ్దాల్లో ఇక్కడా కొంత భూమికి కంచెలు పడ్డాయి. పూర్తిగా పడకపోవడానికి చరిత్రకారులు ముఖ్యంగా చెప్పే కారణం, ఊళ్లో మాన్వర్స్‌తో పాటు స్కార్‌బరో ఎర్ల్ కూడా పెద్ద భూస్వామి కావడం. ఇద్దరి చెక్కలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి, పంపకం మీద సయోధ్య కుదరలేదు. ఖర్చు కూడా తోడైంది. అలా వాయిదా పడుతూ పడుతూ 20వ శతాబ్దం వచ్చేసింది. అప్పటికి కంచె వేయడంలో లాభం తగ్గింది, పాత పద్ధతికి విలువ ఉందని గుర్తించేవాళ్లు పుట్టారు. 1900 తర్వాతి మొదటి దశాబ్దంలో మాన్వర్స్ ఎస్టేట్ చిన్నచిన్న చెక్కలను కలిపి పెద్దవి చేసింది. ఒకప్పుడు వేలల్లో ఉన్నవి ఇప్పుడు రెండు వందలకు లోపే. కంచెల్లేని నేల సుమారు 480 ఎకరాలు మిగిలింది. అంటే మనం చూస్తున్నది 1635 నాటి లాక్స్టన్ కాదు. దాని కుదించిన రూపం. ఈ సంగతి చెప్పకుండా ఊరిని పొగిడితే అది పర్యాటక ప్రచారమే అవుతుంది.

నవంబరు చివరి తనిఖీ

ఇక కోర్టు. దాని పేరు కోర్ట్ లీట్. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో ప్రతి దొర ఎస్టేటుకూ ఇలాంటిది ఉండేది. ఊరి తగాదాలు, కొలతలు, చిన్న నేరాలు, మురుగుకాలువలు అన్నీ అక్కడే తేలేవి. మెజిస్ట్రేటు కోర్టులు వచ్చాక ఇవి ఒక్కొక్కటే అలంకారప్రాయమయ్యాయి. 1977లో ఒక చట్టం వీటిలో మిగిలినవాటి న్యాయాధికారాన్ని తీసేసింది. లాక్స్టన్ కోర్టుకు మాత్రం అధికారం ఉండనిచ్చారు. కారణం, అక్కడ ఆ కోర్టుకు చేయడానికి నిజంగా పని ఉంది.

పని ఏడాదికి ఒకసారి, నవంబరు చివర్లో మొదలవుతుంది. ఆ ఏడాది గోధుమ చల్లిన పొలాన్ని చూడటానికి ప్రమాణం చేసిన జ్యూరీ బయల్దేరుతుంది. రైతులే జ్యూరీ సభ్యులు, వాళ్లకో పెద్ద. చెక్క చెక్కకూ నడుస్తారు. చెక్కకూ చెక్కకూ మధ్య ఎక్కడా కంచె లేదు, గట్టు కూడా లేదు. ఒక చాలు అంతే హద్దు. దున్నేటప్పుడు పక్కవాడి వైపు ఒక చాలు జరిగితే ఏడాదిలో ఎవరికీ తెలియదు, పదేళ్లలో ఒక గజం పోతుంది. దారి మీదకో, ఉమ్మడి గడ్డినేల మీదకో జరిగితే అడిగే నాథుడే ఉండడు. అందుకే జ్యూరీ ముఖ్యంగా చూసేది దారులనూ గడ్డి అంచులనూ. అనుమానం ఉన్నచోట కొలిచి, కొయ్యగుంజ పాతుతారు. తప్పు కనబడితే రాసుకుంటారు.

వారం తర్వాత ఊళ్లోని డవ్‌కోట్ ఇన్ అనే పబ్బులో కోర్టు కూర్చుంటుంది. ఎస్టేటు తరఫున స్టీవర్డ్ ఉంటాడు. ఊరివాళ్ల పేర్లు పిలుస్తారు. జ్యూరీ తాను చూసిన తప్పులు చదువుతుంది. అతిక్రమించినవాడికి జరిమానా పడుతుంది. చిన్న మొత్తమే. తర్వాతి ఏడాది గోధుమ పొలం చూడటానికి కొత్త జ్యూరీ ప్రమాణం చేస్తుంది.

ఇంత చిన్న జరిమానా ఎవరిని ఆపుతుందన్న అనుమానం రావచ్చు. ఆపేది డబ్బు కాదు. ఊరంతా ఉన్న గదిలో తన పేరు, తన చెక్క, తాను జరిగిన అడుగులు పైకి చదవడం. చదివేది ఎక్కడినుంచో వచ్చిన అధికారి కాదు, రోజూ ఎదురుపడే పొరుగు రైతు. ఈ ఏడాది తనిఖీ చేసినవాడు పైఏడాది తనిఖీలో నిలబడాల్సినవాడే. కాబట్టి కక్ష తీర్చుకోవడానికి ధైర్యం చాలదు, చూసీచూడనట్టు పోవడానికీ మనసు ఒప్పదు. గెట్టు తగాదా మొదలయ్యాక తీర్చడం ఎంత కష్టమో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రెవెన్యూ ఆఫీసుల చుట్టూ తిరిగిన ప్రతి కుటుంబానికీ తెలుసు. లాక్స్టన్ పద్ధతి బలం తగాదా తీర్చడంలో లేదు. అది మొలకెత్తే వయసులోనే, ఏడాదికొక్కసారి తప్పనిసరిగా, అందరి ముందూ బయటపెట్టడంలో ఉంది.

1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త ఉమ్మడి నేలల గురించి చేసిన వాదన చాలా ప్రసిద్ధి. అందరిదీ అయిన మేతబీడులో ప్రతివాడూ ఇంకో పశువును వదలడానికే చూస్తాడు కాబట్టి ఆ బీడు నాశనమవక తప్పదన్నది దాని సారం. ప్రపంచమంతా ఉమ్మడి ఆస్తులను ప్రైవేటుపరం చేయడానికో, ప్రభుత్వపరం చేయడానికో ఈ వాదనను వాడుకున్నారు. అందులోని లోపాన్ని ఎలినార్ ఆస్ట్రమ్ దశాబ్దాల పరిశోధనతో చూపించారు. 2009లో ఆమెకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. స్విట్జర్లాండ్ కొండ ఊళ్లు, స్పెయిన్ సాగునీటి సంఘాలు, జపాన్ అడవి గ్రామాలు ఇలా శతాబ్దాలుగా నిలిచిన ఉమ్మడి ఏర్పాట్లలో ఆమెకు కనబడిన లక్షణాలు కొన్ని. హద్దులు స్పష్టంగా ఉండటం, నియమాలు ఆ చోటికి తగ్గట్టు ఉండటం, కాపలా కాసేది వాడుకునేవాళ్లే కావడం, శిక్ష చిన్నగా మొదలవడం. హార్డిన్ ఊహించింది అడిగేవాడు లేని బీడును. ఇంగ్లండ్ పల్లెల్లో నిజంగా ఉన్నది నియమాలున్న బీడు, దానికో కోర్టు. ఆస్ట్రమ్ చెప్పిన లక్షణాలను లాక్స్టన్‌లో ఒక మధ్యాహ్నంలో కళ్లారా చూడొచ్చు.

గడ్డి వేలం, బందెలదొడ్డి

పొలాల నడుమ నాగలికి లొంగని పల్లపు ముక్కలు ఉంటాయి. వాటిని సైక్స్ అంటారు. దున్నరు, గడ్డి పెరగనిస్తారు. అక్కడి ఎండాకాలంలో ఆ గడ్డికి వేలంపాట పెడతారు. వందల ఏళ్లుగా నాగలి పడని నేల కావడంతో అక్కడ అరుదైన గడ్డిపూలు మిగిలాయి. ప్రభుత్వం వీటిని శాస్త్రీయ ప్రాధాన్యం ఉన్న రక్షిత స్థలంగా గుర్తించింది. పర్యావరణం కోసమని ఎవరూ వీటిని కాపాడలేదు. ఉమ్మడి గడ్డిలోకి ఎవరూ దున్నుకురాకూడదన్న పాత నియమం వల్ల పూలు బతికాయి. అదే నియమాన్ని అమలుచేయడానికే నవంబరులో జ్యూరీ గుంజలు పాతేది.

పబ్బు దగ్గర్లో గోడ కట్టిన చిన్న ఆవరణ కూడా ఉంది. దారితప్పి పంటలో పడిన పశువులను తోలుకొచ్చి పెట్టే చోటు. మన బందెలదొడ్డే. దానికి ఒక మనిషి, ఆయన పదవి పేరు పిండర్. పోలిక ఊరికే కుదిరింది కాదు. ఇంగ్లీషువాళ్ల పల్లె చట్టంలోని ఈ ఏర్పాటునే 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం బ్రిటిష్ ఇండియా ఊరూరా పెట్టించింది. తేడా ఒక్కటి. లాక్స్టన్‌లో పిండర్‌ను నియమించేది ఊరి కోర్టు. మన దగ్గర బందెలదొడ్డి సర్కారు సొత్తుగా వచ్చింది, బందె రుసుము కూడా పైనున్న సర్కారే నిర్ణయించింది. ఒకే గోడ, ఒకే పని, కానీ తాళంచెవి ఎవరి దగ్గర ఉందన్నదాన్ని బట్టి జనం దాన్ని చూసే తీరు మారిపోయింది.

యజమాని మారిన ప్రతిసారీ

లాక్స్టన్‌ను ఆదర్శ సమాజంగా చూడకూడదు. ఈ రైతుల్లో దాదాపు అందరూ కౌలుదారులే. భూమి వాళ్లది కాదు. ఎవరి పటం కింద, ఎవరి ఎస్టేటు కింద ఉన్నారో వాళ్ల నిర్ణయం మీదే ఊరి బతుకు ఆధారపడింది. 1952లో మాన్వర్స్ ఎర్ల్ ఊరిని వ్యవసాయ మంత్రిత్వ శాఖకు అమ్మారు. పద్ధతి చెదిరిపోకూడదన్న ఉద్దేశంతోనే ప్రభుత్వం కొంది. 1981లో అది రాచరికం పేరున ఉన్న భూములను చూసుకునే క్రౌన్ ఎస్టేట్ అనే సంస్థ చేతికి వెళ్లింది. 2018లో క్రౌన్ ఎస్టేట్ అమ్మకానికి పెడుతున్నట్టు చెప్పాక ఊళ్లో ఆందోళన మొదలైంది. చివరికి 2020లో థోర్స్‌బీ ఎస్టేట్ కొంది. అంటే పియర్‌పాంట్ వారసుల ఎస్టేటే. డెబ్బై ఏళ్లకు పాత ఇంటికే ఊరు తిరిగి వెళ్లినట్టయింది.

యజమాని ఎవరైనా రెండు ఒత్తిళ్లు తప్పవు. మొదటిది యంత్రం. చెక్క వెడల్పుకన్నా యంత్రం చేయి పెద్దదైతే మలుపులోనే డీజిలూ సమయమూ పోతాయి. అందుకే చెక్కలను ఒకసారి వెడల్పు చేశారు. మళ్లీ చేస్తే ఎక్కడ ఆగాలన్న ప్రశ్న వస్తుంది. పదిహేనుకు అటూ ఇటూ ఉన్న రైతుల చెక్కలను కలుపుతూ పోతే, ఒక దశలో ఒక్కొక్కరికి పొలానికొక పెద్ద ముక్క మిగులుతుంది. అప్పుడు దాని చుట్టూ కంచె వేయడానికి అడ్డు ఉండేది చట్టం ఒక్కటే, పనిలో అవసరమేమీ ఉండదు.

రెండోది మనుషులు. జ్యూరీ నిండాలంటే ఊళ్లోనే ఉండి, అదే పొలంలో పనిచేసేవాళ్లు కావాలి. ఒక రైతు పని మానుకున్నప్పుడు ఆ కౌలును ఇంకో కుటుంబానికి ఇస్తే జ్యూరీకి ఒక మనిషి దొరుకుతాడు. ఉన్నవాళ్లకే పంచేస్తే కాగితం మీద సాగు బాగుంటుంది, నవంబరులో పొలంలోకి నడిచేవాళ్లు ఒకరు తగ్గుతారు. ఇళ్లు ఖాళీ అయితే పట్టణాల్లో ఉద్యోగం చేసుకునేవాళ్లు వచ్చి చేరతారు. మంచి పొరుగువాళ్లే, కానీ గెట్టు ఎక్కడ జరిగిందో చూసే కన్ను పొలంలో పనిచేస్తేనే వస్తుంది. ఆ కౌలు ఎవరికి ఇవ్వాలో చెప్పే అధికారం కోర్ట్ లీట్‌కు లేదు. అది ఎస్టేటు ఆఫీసులో తేలుతుంది.